కమాను ఆగిన చోట

బోనిఫాస్ డాంకర్ ఇంగ్లీషులో మాట్లాడాడంటే పేటలో మొదట ఎవరూ నమ్మలేదు. పక్కింటి ఒలిండా పిన్ని అయితే ఆస్పత్రి మంచం పక్కనే నిలబడి పగలబడి నవ్వింది. పక్షవాతం వచ్చి రోజుల తరబడి కన్ను తెరవని మనిషి, తెరిచీ తెరవగానే ఆవిడ మొహంలోకి చూసి, "గుడ్ మార్నింగ్, బ్రదర్" అన్నాడు మరి. చావు తప్పి కన్ను లొట్టపోయినా ఈయనగారి వేళాకోళం మాత్రం చావలేదనుకుంది పిన్ని. "చాల్లే బోనీ, నేను నీకు బడిలో పాఠం చెప్పే బ్రదర్‌లా కనపడుతున్నానా? మీసాలేమైనా మొలిచాయా నాకు?" అని పేటవాళ్ళ భాష క్రిస్తాంగ్‌లో దబాయించింది. ఆయన నవ్వలేదు. కదిలే చెయ్యి ఎడమది ఒక్కటే. దాన్ని గబుక్కున దుప్పటి కిందికి లాక్కుని దాచుకున్నాడు.

మంచానికి రెండో పక్క కూతురు ఐరిస్ నిలబడి ఉంది. ఆమె కూడా నవ్వలేదు.

మలక్కా సముద్రపొడ్డున ఆ పేటలో క్రిస్తాంగ్ కోసం అంతగా గొంతు చించుకున్నవాడు ఇంకొకడు లేడు. పోర్చుగీసు తాతలూ మలయా అమ్మమ్మలూ కలిసి పెంచిన భాష అది. రొయ్యపొట్టు పట్టేవాళ్ళు వలలు లాగుతూ తిట్టుకోవడానికి తప్ప ఎందుకూ కొరగాదని ఆ మాట్లాడేవాళ్ళే అనేవారు. బోనిఫాస్ రేవు ఆఫీసులో గుమాస్తా. పగలంతా కాగితాల మీద ఇంగ్లీషు రాసి, పేట మొదట్లోని కుళాయి దగ్గర నిజంగానే నోరు పుక్కిలించి మరీ ఇంటికొచ్చేవాడు. లిస్బన్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఇది విరిగిన పోర్చుగీసు అంటే, అవునండీ, పెంకు విరిగితేనే కదా విత్తు మొలిచేది అని అక్కడికక్కడే పాట కట్టి, ఆ పెద్దమనిషి చేతే చప్పట్లు కొట్టించాడు. పూజలో ఒక్క పాటైనా మన భాషలో ఉండాలని వరసగా ముగ్గురు ఫాదర్లతో పోట్లాడాడు. మూడో ఆయన విసిగిపోయి ఒప్పుకున్నాడు.

శనివారం శనివారం వసారాలో పేట పిల్లల్ని పోగేసి పాటలూ సామెతలూ నేర్పేవాడు. పాఠం అయ్యాక తలా ఒక రవ్వ కేకు ముక్క. సగంమంది కేకు కోసమే వచ్చేవారని ఆయనకీ తెలుసు. ఆ కేకు చేసే భార్య ఎర్మెలిన్ మాత్రం ముక్కలు పంచుతూ ఆ పిల్లలతో ఇంగ్లీషులోనే మాట్లాడేది. ఆవిడది ఒకటే లెక్క. క్రిస్తాంగ్ వల లాగడానికి పనికొస్తుంది, ఉద్యోగానికి పనికిరాదు, తన కూతురు వల లాగదు. అందుకని ఐరిస్ మాటలు నేర్చిందే ఇంగ్లీషులో. ఆ పిల్లకి నాన్న 'డాడీ' అయ్యాడు. ముగ్గురు ఫాదర్లని లొంగదీసిన మనిషికి ఇంట్లో ఆ ఒక్క మనిషి ముందు నోరు పెగల్లేదు. దీపం కింద చీకటి అంటారే, అలాగ. కిటికీ లోపల కూర్చుని ఐరిస్ ఆ పాఠాలన్నీ వినేదనీ, ఎవరూ నేర్పకుండానే అన్నీ నేర్చేసుకుందనీ ఆయన ఎరగడు.

జాలర్లని కాచే సాన్ పెద్రో పండుగనాడు తెలిసొచ్చేదే, ఆ సంగతి. ఆమెకి అప్పుడు పన్నెండేళ్ళు. పడవలకి రంగులేసి కాగితపు జెండాలు కట్టారు. ఫాదర్ మంత్రజలం చల్లి వెళ్ళాక ఒడ్డున పాటపోటీ మొదలైంది. మాతా కాంతిగా, అంటే పాటని చంపడం, అంటారు దాన్ని. ఫిడేలు మోగుతుంటే ఒకరు నాలుగు చరణాలు అల్లి ఎదుటివాణ్ణి ఎత్తిపొడుస్తారు. ఎదుటివాడు ఆ ఆఖరి చరణాన్నే అందుకుని తిప్పికొట్టాలి. ఫిడేలు వరస ముగిసేలోగా జవాబు రాకపోతే వాడు చచ్చినట్టే లెక్క, పక్కకి జరగాల్సిందే. ఆ సాయంత్రం బోనిఫాస్‌కి ఎదురు నిలిచినవాడు హిలరీ, చిన్నప్పుడు ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్న నేస్తం, తనే వాయిస్తూ తనే పాడగలవాడు. వాయిస్తూ వాయిస్తూ, ఇంట గెలవనివాడు రచ్చ గెలవడానికొచ్చాడు చూడండి, ఈయన ఇంట్లో పిల్ల 'గుడ్ నైట్ డాడీ' అంటే తప్ప పడుకోదట అని పాడాడు. జనం ఈలలు వేశారు. బోనిఫాస్ మొహం నల్లబడింది. జవాబు హిలరీకి చెప్పాల్సింది. ముందు వరసలో కొబ్బరి మిఠాయి పట్టుకుని నిలబడ్డ కూతురి వైపు తిరిగాడు.

"సముద్రం పక్కన పుట్టింది, ఉప్పు రుచే తెలీదట,
నాన్న వలలో చేపపిల్ల, నీళ్ళలో ఈత రాదట,
దొరల పలుకు నేర్చిందట, మన పలుకు పలకదట,
ఎవరి పిల్లో చెప్పండయ్యా, ఇల్లు ఎక్కడో ఎరగదట."

ఒడ్డంతా గొల్లుమంది. పాట ఎవరి మీద పాడితే వాళ్ళే జవాబు చెప్పాలి, చిన్నా పెద్దా లేదు. ఐరిస్ నోరు తెరిచింది. మాటలు గొంతు దాకా వచ్చాయి కూడా. కాని అంతమంది కళ్ళు మీద పడేసరికి, ఇంట్లో అలవాటైన మాటే బయటపడింది. "స్టాప్ ఇట్, డాడీ." దానికి ఇంకా నవ్వారు. మిఠాయి అక్కడే పారేసి ఇంటికి పరుగెత్తింది. ఇల్లు చేరేలోగానే జవాబులో మొదటి చరణం కట్టేసింది. తెల్లారేసరికి నాలుగూ కుదిరాయి. ఏం లాభం? వరస ముగిశాక వచ్చిన జవాబు జవాబు కాదు.

ఆ తర్వాత ఆమె నోట ఒక్క క్రిస్తాంగ్ మాట రాలేదు. ఆయన క్రిస్తాంగ్‌లో అడిగేవాడు, ఆమె ఇంగ్లీషులో చెప్పేది. ఎర్మెలిన్ పోయిన రోజున కూడా అంతే. శవపేటిక దగ్గర ఆయన ఒక భాషలో ఏడ్చాడు, ఆమె ఇంకో భాషలో ఊరుకోబెట్టింది. టౌన్‌లో ఇంగ్లీషు టీచరైంది. ఆయన పద్యాలకి మెచ్చుకోళ్ళు వచ్చాయి, సన్మానాలు జరిగాయి, అన్నిటికీ వెళ్ళి వెనక వరసలో కూర్చునేది. తన జవాబుని మాత్రం మనసులో తిప్పుకుంటూ, ఒక మాట తీసి ఒక మాట వేసుకుంటూ ముప్ఫై ఏళ్ళు గడిపింది.

ఆమెతో ఏనాడూ ఇంగ్లీషు పలకని ఆ నాన్న ఇప్పుడు, ఆమె చెంచాతో జావ పెడితే మింగి, "థాంక్యూ, బ్రదర్" అన్నాడు. ఆమెకి మొదట కలిగింది సంతోషం. గెలిచానన్న సంతోషం. ఆ మరుక్షణమే తన మీద తనకే అసహ్యం వేసి, గిన్నె బల్ల మీద పెట్టి వరండాలోకి వెళ్ళిపోయింది.

తలలో మాటలుండే చోట దెబ్బ తగిలిందని డాక్టరు చెప్పాడు. కొందరికి ఒక భాష పోయి ఇంకొకటి మిగులుతుందట. ఏది మిగులుతుందో ఎవరూ చెప్పలేరట. పక్షవాతం ఇంకోసారి వస్తే మాత్రం మనిషి దక్కడన్నాడు. మాట పోయినవాళ్ళకి ఒక్కోసారి పాట మిగులుతుంది, ప్రయత్నించండి అని కూడా అన్నాడు.

ఐరిస్ బడికి సెలవు పెట్టి, నాన్నని తీసుకుని పేటలో ఇంటికి వచ్చేసింది. శనివారం పాఠాలకి వచ్చిన పిల్లలు, ఇప్పుడు పిల్లల తల్లిదండ్రులు, వచ్చి చుట్టూ కూర్చుని ఆయన పాటలే ఆయనకి పాడారు. ఆయన వణికిపోయి ఎడమ చెయ్యి వీపు వెనక దాచుకున్నాడు. యూనివర్సిటీ నుంచి టేపు రికార్డరు పట్టుకుని ఇద్దరు వచ్చారు. ఆయన నిటారుగా కూర్చుని ఇంగ్లీషులో ఏడో ఎక్కం అప్పజెప్పాడు, తప్పు లేకుండా. ఆ కుర్రాళ్ళు మర్యాదగా రికార్డు చేసుకుని వెళ్ళారు. కిటికీ అవతల ఎవరు క్రిస్తాంగ్‌లో కేకేసినా ఆ చెయ్యి దాక్కునేది. క్రమంగా పేట జనం ఆ ఇంటి ముందుకొచ్చేసరికి గొంతు తగ్గించడం మొదలుపెట్టారు. చేపలమ్మే ఆడవాళ్ళు కూడా ఆ నాలుగు గజాలూ నోరు మూసుకుని నడిచేవారు. క్రిస్తాంగ్ కోసం జీవితం ధారపోసిన మనిషి గడపలో క్రిస్తాంగ్ నిషేధమైపోయింది.

ఒలిండా పిన్ని ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా రోజూ వచ్చి, "హౌ ఆర్ యూ, బోనీ? ఫిష్ గుడ్?" అని పలకరించేది. "వెరీ గుడ్, బ్రదర్" అనేవాడాయన బుద్ధిమంతుడిలా. పిన్ని పెరట్లోకి వెళ్ళి, ఎండబెట్టిన రొయ్యపొట్టు ముద్దలు తిరగేస్తూ ముక్కు చీదుకునేది. "ఈ మనిషి నన్ను యాభై ఏళ్ళు తిట్టాడే. ఒక్క తిట్టు తిడితే చాలు, కొవ్వొత్తి వెలిగించుకుంటాను" అనేది.

హిలరీ మామ మటుకు రాలేదు. మోకాళ్ళు పట్టేశాయని కబురు పంపేవాడు. సాన్ పెద్రో పండుగ ఇంకా కొద్దిరోజులుందనగా, ఒక పొద్దున చంకలో ఫిడేలు పెట్టెతో, చేతికర్రతో పెరటి దారిన వచ్చాడు. లోపలికి వెళ్ళి నేస్తం ఎదురుగా కూర్చున్నాడు. బోనిఫాస్ అతని మొహంలోకి చూసి, ముందుకి వంగి అతని కుడిచెయ్యి పట్టుకుని, తన మోకాళ్ళ సందున పెట్టి బిగించాడు. హిలరీ కళ్ళు తుడుచుకుంటూ పెరట్లోకొచ్చి, తిరగేసి ఉన్న బుట్ట మీద కూలబడ్డాడు.

ఐరిస్ వెనకే వచ్చి, అది ఏమిటని ఇంగ్లీషులోనే అడిగింది.

"అది మా క్లాసు గదమ్మా" అన్నాడు హిలరీ. "మా బడిలో ఒక బ్రదర్ ఉండేవాడు. క్రిస్తాంగ్ మాట చెవిన పడితే చెయ్యి చాపమనేవాడు. బెత్తం దెబ్బకి అరిచెయ్యి చిట్లేది. ఓరోజు నేను నోరు జారాను. బ్రదర్ ఇటు తిరిగేలోగా మీ నాన్న నా చెయ్యి లాగి ఇదిగో, ఇలాగే, మోకాళ్ళ మధ్య ఇరికించి, తన చెయ్యి చాపాడు. నేనే మాట్లాడాను బ్రదర్ అన్నాడు. అప్పట్నుంచీ నా దెబ్బలు చాలామటుకు వాడే తిన్నాడు."

పిన్ని చేతిలో రొయ్యపొట్టు ముద్ద అలాగే ఉండిపోయింది.

"అన్నీ పోయి వాడికి ఆ గది ఒక్కటే మిగిలింది" అన్నాడు హిలరీ. "ఇవతలికి లాగాలి. ఆనాటి పాటకి నువ్వు బాకీపడ్డ జవాబు తప్ప ఇంకేదీ లాగజాలదు."

తన జవాబు చచ్చి ముప్ఫై ఏళ్ళయిందని ఐరిస్ అంది. వరస ముగిసిపోయింది కదా అంది.

"ఎక్కడ ముగిసింది? నువ్వు చూడలేదు, పరుగెత్తావు. అప్పటికింకా సగం వరస ఉంది. మీ నాన్న వచ్చి నా ఫిడేలు కమాను పట్టుకుని ఆపేశాడు. ఒరే, ఇక్కడ ఆపు, ఇది ముగిస్తే నా కూతురు ఓడినట్టవుతుంది, ఆపు అన్నాడు. ఆ రోజు నుంచి వాడు పోటీలో నిలబడ్డాడా, చెప్పు? అందరూ పొగరనుకున్నారు. నా వంతు కాదురా, అది జవాబు చెప్పాకే నా వంతు అనేవాడు నాతో. నేనా వరస మళ్ళీ ఎక్కడా వాయించలేదు."

ఐరిస్ గోడకి ఆనుకుంది. ఆయన ఒక్కసారి అడిగి ఉంటే, తను ఒక్కసారి చెప్పి ఉంటే అన్న ఆలోచన వచ్చి, ముప్ఫై ఏళ్ళూ కళ్ళ ముందు ఒలికిపోయినట్టయింది. ఆయన మీద కోపమూ వచ్చింది. ఊరందరి పిల్లల్నీ పిలిచి కూర్చోబెట్టుకున్న మనిషి, అడగడానికి సొంత కూతురి దగ్గరే ఎందుకు అభిమానపడ్డాడు? అలాంటి అభిమానమే తనకీ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసు గనక ఎక్కువసేపు కోప్పడలేకపోయింది.

పిన్ని వద్దంది. మనిషి బెదిరిపోతాడు, ఉన్న ప్రాణం కాస్తా పోతుంది, నీ పాట నీ దగ్గరే ఉంచుకోవే తల్లీ అంది. ఆ మాటలోనూ న్యాయముంది. అయినా రెండోసారి దెబ్బ తగిలితే ఆ జవాబు వినే చెవి కూడా ఉండదు. ఐరిస్‌కి ఇప్పుడు కావలసింది ఒక్కటే, ఆయన పోయేలోగా తను ఎవరి పిల్లో ఆయన భాషలోనే ఆయనకి చెప్పడం. అది విని ఆయన తన వంతు అందుకుని నాలుగు చరణాలూ తిరిగి తిట్టినా సరే.

పండుగనాటి మధ్యాహ్నం జనమంతా పడవల దగ్గరికి వెళ్ళారు. సముద్రాన్ని పూడ్చుకుంటూ పోయాక ఒడ్డు దూరమైపోయింది, పడవలూ బాగా తగ్గాయి. అయినా జెండాలు కట్టారు. హిలరీ కిటికీ బయట కుర్చీ వేయించుకుని ఫిడేలు శ్రుతి చేసుకున్నాడు. పిన్ని గుమ్మంలో జపమాల పట్టుకుని నిలబడింది. ఐరిస్ నాన్నకి ఉతికిన చొక్కా తొడిగి, తల దువ్వి, మంచం పక్కన కూర్చుంది.

హిలరీ ఆ వరసని మొదట్నుంచి ఎత్తుకోలేదు. ఎక్కడ కమాను ఆగిందో సరిగ్గా అక్కడ, సగంలో అందుకున్నాడు.

బోనిఫాస్ తల ఇటు తిరిగింది. ఎడమ చేతి వేళ్ళు దుప్పటి మీద తాళం వేశాయి. అది చూసి పిన్ని నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. ఐరిస్ కళ్ళు మూసుకుని, ఆయన విసిరిన ఆఖరి చరణాన్నే అందుకుని, ఆయన భాషలో పాడింది.

"ఇల్లు ఎక్కడో ఎరుగుదును, తలుపు నువ్వే మూశావు,
ఉప్పు రుచీ ఎరుగుదును, కళ్ళనిండా పోశావు,
వలలో చేపపిల్లనే, ఒడ్డున నన్ను విడిచావు,
నీ పిల్లనే నాన్నా నేను, ఎవరి పిల్లని అడిగావు?"

నాన్నా అన్నది ఆమె నోట అదే మొదటిసారి. కళ్ళు తెరిచి చూస్తే ఆయన ఆమె వైపే చూస్తున్నాడు. కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి. పెదవులు కదిలాయి. ఆమె ఆఖరి చరణాన్ని అందుకోబోతున్నట్టు మొదటి అక్షరానికి నోరు గుండ్రంగా తెరుచుకుంది కూడా. కిటికీ బయట హిలరీ ఆ చోటు కోసం కమానుని నెమ్మది చేశాడు.

అప్పుడు ఆయన చూపు గుమ్మం మీద పడింది. మొహం పాలిపోయింది.

"ష్" అన్నాడు ఇంగ్లీషులో, చిన్నపిల్లవాడి గుసగుసతో. "గట్టిగా పాడకు. బ్రదర్ వస్తున్నారు."

ఆమె చెయ్యి పట్టుకుని తనవైపు లాక్కున్నాడు. పడిపోయిన తన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి, ఆమె చేతిని దాని కింద పెట్టి, పైన దుప్పటి కప్పి, కనపడకుండా అదిమాడు. ఎంత బలం ఉందో ఆ పీలమనిషిలో. తర్వాత ఆ ఎడమ చెయ్యి బయటికి తీసి, అరచెయ్యి పైకి తిప్పి, గుమ్మం వైపు చాపాడు. జపమాలతో నిలబడ్డ పిన్ని భయపడి పక్కకి తప్పుకుంది.

"నేనే మాట్లాడాను, బ్రదర్" అన్నాడు. "ఆ పిల్ల కాదు. ఆ పిల్లకి ఆ భాష రాదు. నేనే."

ఐరిస్‌కి ఆయన్ని క్రిస్తాంగ్‌లో ఊరుకోబెట్టాలని ఉంది. ముప్ఫై ఏళ్ళుగా దాచుకున్న మాటలన్నీ నాలుక మీద ఉన్నాయి. ఒక్కటి పలికినా ఆయన ఇంకా బెదిరిపోతాడు. అందుకని, ఆయన వద్దనుకున్న భాషలోనే, తల్లి నేర్పిన ఇంగ్లీషులోనే, మెల్లిగా చెప్పింది. "బ్రదర్ వెళ్ళిపోయారు, డాడీ. బడి వదిలేశారు."

ఆయన నమ్మలేదు. చాపిన చెయ్యి దించలేదు. ఆమె తన రెండో చెయ్యి ఆ అరచేతిలో పెట్టింది. దెబ్బ పడిందనుకుని ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. బయట హిలరీ కాసేపు ఎదురుచూసి, ఇక చేసేదిలేక వరసని చివరిదాకా వాయించి ముగించాడు.